మండితే చెప్పాలి

ఆస్పత్రిలో మిగతా డాక్టర్లకు కిటికీలున్న గదులు దొరికాయి. ఆమెకు మాత్రం నేలమాళిగ దొరికింది. మెట్లు దిగి, పాత ఫైళ్ళ గది దాటి, పొడుగాటి వసారా చివరికంటా నడిస్తే లేత ఆకుపచ్చ తలుపు. లోపల ఒక ఎత్తైన మంచం, దాని పక్కన బీరువా అంత యంత్రం, యంత్రంలోంచి వచ్చే రెండు గొట్టాల చివర గోరువెచ్చని నీళ్ళు నిండిన మెత్తటి సంచీ. నీళ్ళు తిరుగుతున్నంతసేపూ సన్నటి చప్పుడు, పక్కగదిలో ఎవరో ఆదమరిచి నిద్రపోతున్నట్టు. దీపాలు సగమే వెలుగుతాయి. ఆ గదిలో అడుగుపెట్టిన ఐదు నిమిషాలకు ఎంతటివాడికైనా ఆవలింత రావలసిందే.

ఆమె అక్కడికి వచ్చింది మూడు నెలల కోసం. రేడియేషన్ వైద్యం చదువు అప్పుడే పూర్తయింది. పై అంతస్తులో పెద్ద యంత్రాలు, పెద్ద పేర్లు. ఈ మూడు నెలలూ ఎలాగోలా గట్టెక్కితే మళ్ళీ పైకి పోవచ్చనుకుంది. కింద గదిని అప్పట్లో ఒక పాతకాలపు డాక్టరు నడిపేవారు. అందరూ ఆయన్ని పెద్దాయన అనేవారు. మొదటిరోజు ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి ఆయన చెప్పిన పాఠం ఇంతే.

“చూడమ్మాయ్, రేడియేషన్ వెళ్ళి కేన్సర్ కణాన్ని కొడుతుంది. చస్తే సరే. చావకపోతే అది ఓ మూల కూర్చుని తన గాయానికి తనే కట్టు కట్టుకుంటుంది. మళ్ళీ లేచి తిరుగుతుంది. మనం పెట్టే వేడి ఆ కట్టు కట్టుకోనివ్వదు. అంతే మన పని.”

“ఎంత వేడి సార్?”

“నలభై రెండు, నలభై మూడు డిగ్రీలు. పెద్ద జ్వరం కంటే కాస్త ఎక్కువ. మంచి ఒళ్ళయితే రక్తం గబగబా పారించి చల్లబడిపోతుంది. గడ్డలో రక్తం సరిగ్గా పారదు కదా, వేడి అక్కడే నిలిచిపోతుంది. గంటసేపు అలా ఉంచి, వెంటనే రేడియేషన్‌కి పంపించాలి. ఆ గంటా పక్కనే కూర్చోవాలి.”

“కూర్చుని ఏం చెయ్యాలి సార్?”

పెద్దాయన నవ్వారు. “అడుగుతూ ఉండాలి.”

నిజంగానే పనంతా అడగడంలోనే ఉంది. యంత్రం పంపే తరంగాలు సంచీలోంచి ఒంట్లోకి దిగి వేడి పుట్టిస్తాయి, సంచీలో తిరిగే నీళ్ళు పైచర్మం కాలకుండా చూస్తాయి. నీళ్ళసంచీ కింద, చర్మం మీద, దారమంత సన్నటి వేడి కొలిచే తీగలు ఏడో ఎనిమిదో పెడతారు. అవి ఉన్నచోట ఎంత వేడి ఉందో తెర మీద అంకెలు చెబుతాయి. ఒక తీగకూ ఇంకో తీగకూ మధ్య ఏం జరుగుతోందో మాత్రం మంచం మీద పడుకున్న మనిషికే తెలుసు. అందుకే ప్రతి పేషెంటుకూ పెద్దాయన మొదట చెప్పే మాట ఒకటే: మండితే చెప్పాలి, ఓర్చుకోకూడదు.

మూడు నెలలు మూడేళ్ళయ్యాయి. పెద్దాయన రిటైరయ్యారు. ఆమె మాత్రం పైకి వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని అడిగితే ఆమె సూటిగా జవాబు చెప్పలేకపోయేది. ఒకసారి రేడియేషన్ ఇచ్చిన చోట మళ్ళీ గడ్డ మొలిచినవాళ్ళు, ఇంక చెయ్యడానికేమీ లేదని పైనుంచి పంపించేసినవాళ్ళు, ఆ మెట్లు దిగి వచ్చేవారు. వాళ్ళలో కొందరి గడ్డలు కరిగిపోవడం ఆమె కళ్ళారా చూసింది. అందరివీ కరగలేదు. కరిగాయని ఆమె ఎప్పుడూ గొప్పలు పోలేదు.

పైవాళ్ళకు ఆ గదంటే చిన్నచూపు. రేడియేషన్ బల్ల మీంచి గంటకు ఆరుగురో ఏడుగురో దిగిపోతారు. ఈమె గంటకు ఒక్కరితో కూర్చుంటుంది. ఆమెకు ‘కాపడం డాక్టరు’ అని పేరు పెట్టారు. క్యాంటీన్‌లో ఎదురుపడితే, “ఏం మేడమ్, ఇవాళ ఎవరికి కాపడం పెట్టారు?” అనేవారు.

“మీకూ పెడతాను రండి. మెడ పట్టేసినట్టుంది, ఎప్పుడూ పైకే చూస్తున్నారు,” అనేది ఆమె. నవ్వేసి ఊరుకునేవారు. పేరు మాత్రం ఊడలేదు.

ఆ గంటలో మనుషులు మామూలుగా ఉండరు. ఒంట్లో ఒక చోట అంత వేడి చేరి, చెవుల్లో నీళ్ళ చప్పుడు పడుతుంటే, మెలకువకూ నిద్రకూ మధ్య ఎక్కడో తేలుతుంటారు. అడిగినదానికి జవాబు చెబుతూ చెబుతూ ఇంకెక్కడికో జారిపోతారు. క్రేను నడిపే అతను ఒకడు, తను ఎక్కిన క్రేను మేఘాలు దాటిపోయిందనీ, పైన ఇంకో ఊరుందనీ, అక్కడివాళ్ళు తాళ్ళకు కట్టి ఇళ్ళు కిందికి దింపమంటున్నారనీ చెప్పాడు. ఒక లెక్కల టీచరమ్మ కళ్ళు మూసుకుని హాజరు పిలిచింది. ఎప్పుడో ముప్పై ఏళ్ళనాటి పిల్లల పేర్లు, ఒక్కటీ తప్పకుండా. ప్రతి పేరుకూ కాస్సేపు ఆగి, పలికారన్నట్టు తల ఊపింది. డాక్టరు అవన్నీ వింటూ, మధ్యమధ్యలో “మంటేమైనా ఉందా?” అని మెల్లగా అడుగుతూ, అంకెలు రాసుకుంటూ కూర్చునేది.

విన్నవి ఎక్కడికి పోతాయి? ఆమె నిద్రలోకి వచ్చేవి. ఎన్నడూ చూడని చెరువులు, ఎరగని మేడలు, ఎవరి పెళ్ళిలోనో తప్పిపోయిన చెప్పులు. పొద్దున్నే కాఫీ తాగుతూ ఆమె పరధ్యానంగా ఉంటే భర్త అడిగేవాడు, “రాత్రి ఎవరి కలొచ్చింది?” ఆయన బొమ్మల మాస్టారు. “నీకు సొంత కలలు రావడం మానేసి ఎన్నాళ్ళయిందో!” అని వేళాకోళం చేసేవాడు.

అలా ఇరవై ఆరేళ్ళు గడిచాక, ఒక బుధవారం, ఆకుపచ్చ తలుపు తోసుకుని ఆమె అక్క లోపలికి వచ్చింది.

అక్క ఆమెకంటే ఆరేళ్ళు పెద్ద. బట్టలు కుట్టే దుకాణం నడుపుతుంది. పదేళ్ళ కిందట రొమ్ములో కేన్సర్ వస్తే ఇదే ఆస్పత్రిలో పైవాళ్ళు ఆపరేషన్ చేసి, రేడియేషన్ ఇచ్చారు. నయమైంది. ఇప్పుడు ఆ పాత మచ్చ వెంబడి ఎర్రటి పూసల్లాంటివి ఐదారు లేచాయి. రెండు నెలలుగా ఉన్నాయట. బావకు కూడా చెప్పలేదు.

“రెండు నెలలా!” అంది డాక్టరు. “నోట్లో ఏం పెట్టుకున్నావే అక్కా?”

“గుండుసూదులు,” అంది అక్క. “స్కూలు యూనిఫారాలు కుట్టేవి చాలా ఉన్నాయి. అవయ్యాక చెబుదామనుకున్నా.”

ఒకసారి కాల్చిన చోట మళ్ళీ నిండుగా రేడియేషన్ ఇవ్వడానికి లేదు, ఒళ్ళు తట్టుకోదు. తక్కువ మోతాదు ఇచ్చి, దానికి వేడి తోడు చెయ్యాలి. సరిగ్గా ఇలాంటి జబ్బుకే ఆ గది ఉంది. సొంతవాళ్ళకు వైద్యం చెయ్యకూడదన్న పద్ధతి ఉంది కాబట్టి కేసంతా పైన ఒక కుర్ర డాక్టరుకు అప్పగించింది. వేడి పెట్టడం మాత్రం ఆ ఆస్పత్రిలో ఇంకెవరికీ రాదు.

మొదటిరోజు అక్క మంచమెక్కి బుద్ధిగా పడుకుంది. టెక్నీషియన్ అమ్మాయి తీగలు సర్ది, నీళ్ళసంచీ పెట్టి, పట్టీలు బిగించింది. డాక్టరు అందరికీ చెప్పే మాటే చెప్పింది. అక్క తల ఊపింది.

“ఎలా ఉందక్కా?”

“బాగుంది.”

పది నిమిషాల తర్వాత అడిగింది. “హాయిగా ఉందే,” అంది అక్క. ఇరవై నిమిషాలకు అడిగితే “నాకేం, రాణీలా పడుకున్నా,” అంది. తెర మీద అంకెలు చూడముచ్చటగా ఉన్నాయి, నలభై రెండు, నలభై రెండున్నర. ఆమె కంటికి ఆ అంకెలు వరసలో నిలబడ్డ పిల్లల్లా కనిపించాయి. నీళ్ళ చప్పుడులో చిన్నప్పటి మధ్యాహ్నాలు ఏవో తేలివచ్చాయి. అక్క కుట్టుమిషను కింద తను పడుకుని, తొక్కుడుబల్ల పైకీ కిందికీ ఆడుతుంటే చూడటం, ఆ గాలికి కళ్ళు మూతలు పడటం. గంట ఎలా గడిచిందో తెలియలేదు.

టెక్నీషియన్ సంచీ తీసింది. మచ్చకు పక్కన, రెండు తీగలకు మధ్య, తమలపాకంత మేర బొబ్బ లేచి నీరు చేరి ఉంది.

డాక్టరు దాన్ని చూసింది. ఆ పైన అక్క కాళ్ళకేసి చూసింది. దుప్పటి కింద కాలివేళ్ళు ముడుచుకుపోయి, ఇంకా విప్పుకోలేదు.

“ఎప్పట్నుంచి మండుతోంది?”

“ఏమంత లేదులే.”

“ఎప్పట్నుంచక్కా?”

“...నువ్వు రెండోసారి అడిగినప్పట్నుంచి.”

కట్టు కట్టించి, పైన కుర్ర డాక్టరుకు కబురుచేసి, అక్కను అప్పగించి, ఆమె వచ్చి మెట్ల మీద కూర్చుంది. ఇన్నేళ్ళలో బొబ్బలు లేవకపోలేదు, పని అలాంటిది. కానీ ఇది వేరు. టెక్నీషియన్ వచ్చి పక్కన కూర్చుంది.

“ఆవిడ చెప్పలేదు కద మేడమ్. మీరేం చేస్తారు?”

“నేను అడగలేదమ్మా.”

“ప్రతిసారీ అడిగారు, నేను విన్నాను.”

“అక్కని అడిగినట్టు అడిగాను. అన్నం తిన్నావా అంటే తిన్నానంటుంది చూడు, అలా. పేషెంటుని అడిగినట్టు అడగలేదు. ఇంకెవరైనా అయితే నేను వేళ్ళు చూసేదాన్ని, మొహం చూసేదాన్ని. అంకెలు చూస్తూ కూర్చున్నాను.”

బొబ్బ ఆరడానికి రెండు వారాలు పట్టింది. ఈలోగా ఒక సాయంత్రం ఆమె అక్క ఇంటికి వెళ్ళింది. ముందుగదిలోనే దుకాణం. గోడకు కత్తిరించిన కాగితపు నమూనాలు వేలాడుతున్నాయి, చేతులు, కాలర్లు, జేబులు, మనుషులు లేకుండా. ఫ్యాను గాలికి అవి మెల్లగా కదులుతున్నాయి. బావ ఓ మూల కుర్చీలో కూర్చుని గుండీలు రంగుల వారీగా ఏరుతున్నాడు.

“ఎందుకు చెప్పలేదే?” అని అడిగింది డాక్టరు, కూర్చోకుండానే.

అక్క మిషను ఆపింది. “నువ్వా తెర వంక ఎంత సంతోషంగా చూస్తున్నావో నీకు తెలీదు. ఇన్నేళ్ళుగా నీ పనేమిటో నేనెప్పుడూ చూడలేదు కదా. మొదటిరోజే అడ్డం పడటమెందుకని.”

“నా సంతోషం కోసం ఒళ్ళు కాల్చుకుంటావా? నీకు మతి ఉందా?”

“అరవకే. మీ బావ గుండీలు కలిపేస్తాడు.”

బావ తల ఎత్తకుండా అన్నాడు, “మరదలా, మీ అక్క చేత బాధగా ఉందనిపించడానికి ముప్పై ఐదేళ్ళు నా శాయశక్తులా చూశాను. నావల్ల కాలేదు. నీ యంత్రం గంటలో అనిపించాలి. దానికంత దమ్ముందా?”

డాక్టరు అప్పుడు కూర్చుంది. చాలాసేపు ఆ కాగితపు చేతులు ఊగడం చూసింది.

“సరే, నీకు మందు రాస్తాను,” అంది చివరికి. “వచ్చే బుధవారం మంచమెక్కాక, ఐదు నిమిషాలకోసారి ఒక ఫిర్యాదు చెయ్యాలి. పైకి, గట్టిగా. చెయ్యకపోతే యంత్రం ఆపేస్తాను.”

“దేని మీద?”

“దేని మీదైనా. దిండు మీద, బావ మీద, నా మీద. ‘బాగుంది’ అన్న మాట మాత్రం ఆ గదిలో వినపడకూడదు.”

అక్క ముక్కున వేలేసుకుంది. బావ ఒక గుప్పెడు గుండీలు ఎక్కడివక్కడ వదిలేసి, “నేనూ వచ్చి వినొచ్చా?” అన్నాడు.

ఆ బుధవారం మొదటి ఐదు నిమిషాలకు అక్క చాలా కష్టపడింది. పెదాలు తడుపుకుంది. గొంతు సవరించుకుంది. “దిండు... కొంచెం ఎత్తుగా ఉంది,” అంది, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు. టెక్నీషియన్ దిండు మార్చింది. తర్వాత, ఆ అమ్మాయి చెప్పులు కిర్రుమంటున్నాయంది. ఆ తర్వాత, బావ నిద్రలో పళ్ళు కొరుకుతాడనీ, పెళ్ళయిన వారం నుంచీ కొరుకుతున్నాడనీ చెప్పింది. వసారాలో కూర్చున్న బావకు అది వినపడనే వినపడింది. “ముప్పై ఐదేళ్ళా! అప్పుడే చెప్పొచ్చుగా!” అన్నాడు తలుపవతలి నుంచి. టెక్నీషియన్ నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది.

ఇరవై ఐదో నిమిషంలో అక్క మాట మధ్యలో ఆగిపోయింది. డాక్టరు ఈసారి అంకెల వైపు చూడటం లేదు. అక్క కాలివేళ్ళ వైపు చూస్తోంది.

“మండుతోంది,” అంది అక్క.

“ఎక్కడ?”

“మచ్చకి ఎడంపక్క. అంగుళమున్నర పైకి. కాజా కుట్టినంత మేర, అంతకన్నా లేదు.”

డాక్టరు వేడి తగ్గించి, నీళ్ళసంచీ అక్కడ కాస్త ఒత్తుగా సర్దింది. “ఇప్పుడు?”

“తగ్గింది... ఇంకో అర అంగుళం పక్కకి జరుపు. ఆఁ, అక్కడ.”

నలభై ఏళ్ళకు పైగా టేపు పట్టుకుని మనుషుల ఒళ్ళు కొలిచిన మనిషి. అంత కచ్చితంగా చెప్పిన పేషెంటు ఆ గదిలోకి అంతకుముందు రాలేదు. తీగలు చెప్పలేనిది అక్క అంగుళాల్లో చెబుతుంటే, డాక్టరు దాన్ని కాగితం మీద బొమ్మ గీసి గుర్తులు పెట్టుకుంది.

మూడో వారం నుంచి ఫిర్యాదులు వాటంతటవే రాసాగాయి. వేడి ఒంట్లోకి దిగేకొద్దీ అక్క కళ్ళు మూతలు పడేవి, గొంతు మాత్రం ఆగేది కాదు. నిద్రలో నడిచేవాళ్ళు మెట్లు దిగినట్టు ఒక్కొక్క ఏడూ వెనక్కి దిగిపోయేది. నీకు నీళ్ళంటే భయమని నాన్న నన్ను కూడా ఈతకి పంపించలేదే. పాల మీద మీగడంతా నువ్వే తినేదానివి. నా నీలం ఓణీ చింపి బొమ్మకి చీర కట్టావు, నేను అడిగితే బొమ్మే చింపిందన్నావు. డాక్టరు అన్నింటికీ “అవునక్కా” అంటూ రాసుకునేది. తను చెయ్యనివాటికి కూడా అవుననేది.

నాలుగో బుధవారం, గంట ముగియడానికి కాస్త ముందు, అక్క అంతకంటే మెల్లగా అంది, “నీ డాక్టరు పరీక్షలప్పుడు నా మణికట్టు విరిగింది.”

డాక్టరు కలం ఆగింది.

“మెట్ల మీద జారాను. నీకు చెబితే చదువు పాడవుతుందని చెప్పలేదు. గుడ్డ చుట్టుకుని కుడుతూ కూర్చున్నా. నీ పరీక్షలు అయ్యేసరికి పది రోజులయింది. అప్పటికే వంకరగా అతుక్కుంది.”

“ఏ చెయ్యి?”

“ఎడమది. ఇప్పటికీ వానాకాలం లాగుతుంది. నీకెప్పుడూ కనపడలేదు.”

డాక్టరు ఆ చేతిని దుప్పటిలోంచి పైకి తీసింది. మణికట్టు దగ్గర ఎముక పక్కకు జరిగి, చిన్న గుబ్బలా ఉంది. ముప్పై ఏళ్ళుగా ఆ చేత్తో అక్క ఆమెకు వడ్డించింది, జడలు వేసింది, రవికెలు కొలిచింది. ఎంతోమంది ఒళ్ళు తడిమి చూసిన డాక్టరు, ఈ గుబ్బను ఒక్కసారైనా చూడలేదు. ఏడవడానికి లేదు, గంట ఇంకా అవలేదు. కుడిచేత్తో అంకెలు రాసుకుంటూ, ఎడంచేత్తో ఆ మణికట్టును పట్టుకుని అలాగే కూర్చుంది.

“మంటేమైనా ఉందా అక్కా?” అని అడిగింది.

“లేదు,” అంది అక్క. తర్వాత కళ్ళు తెరిచింది. “నిజంగానే లేదే. ఒట్టు.”

టెక్నీషియన్ తీగలు విప్పింది. అక్కను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి రేడియేషన్ గదికి తీసుకువెళ్ళారు. వసారాలో లిఫ్టు దాకా కుర్చీ నెట్టింది డాక్టరే. ఆ పొడుగాటి వసారా ఆ రోజు నీళ్ళ అడుగున ఉన్నట్టుగా కనిపించింది ఆమెకు.

ఎనిమిది బుధవారాలు పట్టింది. మూడు నెలల తర్వాత పూసలు అణిగిపోయి గోధుమరంగు చుక్కలు మిగిలాయి. ఆరు నెలలకు వేలితో తడిమితే ఏమీ తగల్లేదు. పైన ఉన్న కుర్ర డాక్టరు ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. మర్నాడు మెట్లు దిగి వచ్చి, “మేడమ్, నాకు వారానికి ఒక్కరోజు ఇక్కడ కూర్చునే అవకాశం ఇస్తారా?” అన్నాడు.

“గంటకి ఒక్కరే వస్తారు. విసుగొస్తుంది.”

“రానివ్వండి.”

అతనికి ఆమె నేర్పిన మొదటి పని అంకెలు చదవడం కాదు. యంత్రం మొదలుపెట్టేముందు ప్రతి పేషెంటు చేతా ఒక ఫిర్యాదు చేయించాలి. చేయనివాళ్ళుంటే, ముఖ్యంగా “నాకేం, బాగానే ఉంది” అనేవాళ్ళుంటే, వాళ్ళ కాళ్ళు చూస్తూ కూర్చోవాలి. కొన్నాళ్ళకు అక్కే వచ్చి కొత్తవాళ్ళతో మాట్లాడటం మొదలుపెట్టింది. “అమ్మా, ఇక్కడ ఓర్పుకి మార్కుల్లేవు. నేను ఓర్చుకున్నాను, ఇదిగో చూడు,” అని మెడ కింద రవికె అంచు కాస్త జరిపి బొబ్బ మచ్చ చూపించేది. మగవాళ్ళకైతే మచ్చ చూపించేది కాదు, తిట్టేది.

ఐదేళ్ళకు అక్క చెకప్ బాగా వచ్చింది. అప్పటికి ఆ గదిలో ముగ్గురు డాక్టర్లు పనిచేస్తున్నారు. కాపడం డాక్టరుకు ఉద్యోగం ఇంకో నెల ఉంది. ఆ మధ్యాహ్నం ఆమె సెలవు పెట్టి అక్కతో కలిసి బయటికి వచ్చింది. నేలమాళిగలోంచి వచ్చిన కళ్ళకు ఎండ తెల్లగా, పాలలా కనిపించింది. బస్టాపులో సిమెంటు బల్ల వెచ్చగా ఉంది. ఇద్దరూ కూర్చున్నారు.

అక్క బస్సు ఆలస్యమైందంది. బల్ల గరుగ్గా ఉందంది. ఎదురుగా షాపు బొమ్మకు తొడిగిన చొక్కా భుజం దగ్గర ముడతలు పడిందనీ, కుట్టినవాడి చెయ్యి విరగ్గొట్టాలనీ అంది. అంటూ అంటూనే చెల్లెలి భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఊపిరి నెమ్మదిగా, సమంగా తీస్తోంది. వీధిలో మనుషులు తమ తమ నీడల మీద నడుచుకుంటూ పోతున్నారు. ఎవరికీ తొందరున్నట్టు లేదు.

బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు ఎక్కుతారా అన్నట్టు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. భుజం కదలకుండా జాగ్రత్తగా ఊపింది. ఆ తర్వాత వచ్చిన బస్సును కూడా అలాగే పంపించేసింది.